ఆరోగ్యానికి కృతజ్ఞతగా రక్తదానం: సిద్ధపడే తీరు

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం ప్రాంతాల తెలుగువారిలో పెద్ద జబ్బు నుంచి కోలుకున్నవారు అరసవల్లి సూర్యనారాయణస్వామికి మొక్కు చెల్లించి రావడం ఉన్నదే. దానితోపాటు తమను నిలబెట్టిన వైద్యానికీ ఋణం తీర్చుకోదలచినవారికి రక్తదానాన్ని మించిన మార్గం నాకు కనిపించదు. మందులను కర్మాగారాల్లో తయారుచేయగలుగుతున్నా, రక్తం మాత్రం నేటికీ మనిషి నుంచి మనిషికే అందవలసి ఉంది. 1901లో కార్ల్ లాండ్‌స్టైనర్ రక్తపు గ్రూపులను వెలుగులోకి తెచ్చాకే రక్తమార్పిడి నమ్మదగిన చికిత్సగా మారే వీలు కలిగింది.

18 ఏళ్లు నిండి, కనీసం 45 కిలోల బరువు, డెసిలీటరు (100 మిల్లీలీటర్లు) రక్తానికి 12.5 గ్రాముల హిమోగ్లోబిన్ ఉన్న ఆరోగ్యవంతులు రక్తం ఇవ్వవచ్చు. ముందు రాత్రి బాగా నిద్రపోవాలి, మద్యం ముట్టకూడదు, ఖాళీ కడుపుతో వెళ్ళకూడదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది రక్తం ఇచ్చేముందు మన ఆరోగ్య వివరాలతో నింపవలసిన ఫారం. మన కొండ ప్రాంతాల్లో మలేరియా కొత్త కాదు కనుక, ఆ జ్వరం వచ్చినవారు పూర్తిగా కోలుకున్న తరువాత మూడు నెలలు ఆగి తీరాలి. కుక్క కాటుకు టీకా వేయించుకున్నవారు, పచ్చబొట్టు పొడిపించుకున్నవారు ఏడాది ఆగాలి. ఫారం ఒడియాలోనో ఇంగ్లీషులోనో ఉండి చదవడం రాకపోతే, మొహమాటపడి అన్నిటికీ ‘లేదు’ అని గీత పెట్టేయకుండా సిబ్బందిచేత ప్రతి ప్రశ్నా చదివించుకోవాలి. తీసిన రక్తానికి హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలు చేస్తారు. అయితే ఇన్ఫెక్షన్ సోకిన తొలి రోజుల్లో పరీక్షకు అందకపోవచ్చు కనుక, దాత చెప్పే నిజమే రోగికి మొదటి రక్షణ.

తీసేది 350 లేదా 450 మిల్లీలీటర్లు. సూది గుచ్చాక పట్టే సమయం పది నిమిషాలే. తరువాత కాసేపు పడుకొని, ఏదైనా తాగి లేవాలి. ఆ రోజు బరువులు మోయరాదు, పొలంలో శ్రమ పెట్టుకోరాదు. మళ్ళీ ఇవ్వడానికి పురుషులు 90 రోజులు, స్త్రీలు 120 రోజులు ఆగాలి.

నాయకుల పుట్టినరోజు శిబిరాల్లో అందరూ ఒకేసారి ఇవ్వడం నాకంతగా నచ్చదు. దానం చేసిన రక్తంలోని ఎర్ర కణాలు గరిష్ఠంగా 42 రోజులు, ప్లేట్‌లెట్లు 5 రోజులు మాత్రమే నిలవుంటాయి. సికిల్ సెల్, తలసేమియా అనే వంశపారంపర్య రక్తవ్యాధులున్న రోగుల అవసరమేమో ఏడాది పొడవునా ఉంటుంది. కాలేజీలు మూసి శిబిరాలు తగ్గే వేసవిలో, బ్లడ్ బ్యాంకుకు ముందుగా ఫోన్ చేసి, ఏ గ్రూపు కొరతగా ఉందో కనుక్కొని వెళ్ళడం మేలు.