అకాల వాన రోజుల్లో బొంత పని, మిద్దె తోట పని: సమస్య - పరిష్కారం

చైత్ర, వైశాఖ మాసాల్లో మధ్యాహ్నం దాకా ఎండ మండి, సాయంత్రానికి క్యుములోనింబస్ మేఘాలు (ఉరుములు మెరుపులు తెచ్చే ఎత్తయిన మేఘాలు) కమ్ముకుని ఈదురు గాలితో వాన పడే రోజులు మన ప్రాంతానికి కొత్త కాదు. అలాంటి పూట కుండీల దగ్గరకు వెళ్లే వీలుండదు కనుక చాలా ఇళ్లలో పాత చీరలూ పంచెలూ బయటికి తీసి బొంత కుట్టడానికి కూర్చుంటారు. వాన వెలిశాక రెండు పనుల గురించీ ఫిర్యాదులు ఒకేసారి మొదలవుతాయి. బొంత అడుగున ముడతలు పడ్డాయనీ, రంగు దిగిందనీ కొందరు అంటే, వంగ నారు పడిపోయిందనీ, ఆనప పిందెలు రాలిపోయాయనీ ఇంకొందరు అంటారు. వీటిలో అన్నీ కాకపోయినా ఎక్కువ భాగం, తడి ఎక్కడ చేరిందో, ఎంతసేపు నిలిచిందో చూసుకోకపోవడం వల్ల వచ్చేవే. అందుకే సూదినో విత్తనాన్నో తప్పుపట్టే ముందు ఆ సంగతి చూడమని నా మనవి. వాన పడుతున్నప్పుడు చేసేది బొంత పని కాబట్టి ముందు దాని గురించే రాస్తున్నాను.

బొంత పైకి బాగానే ఉంది, తిప్పి చూస్తే అడుగు పొర ముడతలు పడింది

దీనికి మొదటి కారణం పొరలను కదలకుండా పట్టి ఉంచే టాకాలు వేయకపోవడం, లేదా ఒక అంచు నుంచి మొదలుపెట్టి రెండో అంచు వైపు వేసుకుంటూ పోవడం. అలా వేస్తే వదులుగా ఉన్న గుడ్డంతా ముందుకు జరిగి చివరన పోగవుతుంది. రెండో కారణం వాన రోజుకు సంబంధించినది. మామూలు వాతావరణంలోనే నూలు గుడ్డ తన బరువులో దాదాపు 8 శాతం తేమను గాలి నుంచి పీల్చుకుని ఉంచుకుంటుంది, ముసురు పట్టినప్పుడు అంతకన్నా ఎక్కువే పీల్చుకుంటుంది. పాలిస్టర్ మాత్రం అర శాతం కూడా పీల్చుకోదు. అందువల్ల పైన నూలు చీర, మధ్యలో పంచె, అడుగున పాలిస్టర్ చీర పెట్టి ముసురులో కుట్టిన బొంత ఎండ వచ్చిన రోజున పొరకొక తీరుగా సర్దుకుంటుంది, ఆ తేడా అంతా ముడతగా పైకి తేలుతుంది.

పరిష్కారం కుట్టడానికి ముందే మొదలవ్వాలి. కొత్త నూలు గుడ్డ ఏదైనా కలుపుతున్నట్లయితే దాన్ని విడిగా ఒకసారి ఉతికి, గంజి పూర్తిగా వదిలించి, ఆరబెట్టి, ఇస్త్రీ చేయాలి. లేకపోతే మొదటి ఉతుకులో అదొక్కటే కుంచించుకుపోయి చుట్టూ ఉన్న పాత గుడ్డను లాగుతుంది. పొరలన్నీ ఒకే జాతి గుడ్డలైతే మంచిది. వాన పడుతుంటే గచ్చు చెమ్మగిల్లుతుంది కనుక కింద పొడి చాప పరిచి, అడుగు పొరను నాలుగు వైపులా సమంగా లాగి, మూలల మీద బరువులు పెట్టి, దాని మీద మిగిలిన పొరలు ఒక్కొక్కటిగా అరచేత్తో నడిమి నుంచి బయటికి నిమురుతూ పరవాలి. ఆ తరువాత నడుమ నుంచి నాలుగు దిక్కులకూ బెత్తెడు దూరానికొక వరుస చొప్పున పొడుగు టాకాలు వేయాలి. అసలు కుట్టు కూడా అదే క్రమంలో సాగాలి. ఇప్పటికే ముడత పడిన బొంతను మొత్తం విప్పనక్కరలేదు. ముడత ఉన్న చోటు నుంచి దగ్గరి అంచు దాకా కుట్టు విప్పి, అదనంగా చేరిన గుడ్డను ఆ అంచు వైపు జరిపి, మళ్లీ టాకాలు వేసి కుట్టుకుంటే సరిపోతుంది. ఈ దిద్దుబాటు మాత్రం ఎండ కాసిన రోజున చేయండి.

మిషను మీద కుడుతుంటే అడుగున దారం ఉండలు కడుతోంది

ఇది తడి సమస్య కాదు. అడుగున ఉండలు కనిపించగానే చాలామంది బాబిన్ కేసు (అడుగు దారం ఉండే డబ్బీ) స్క్రూ తిప్పడం మొదలుపెడతారు, కానీ తప్పు సాధారణంగా పై దారం దగ్గర ఉంటుంది. గుడ్డను అదిమిపట్టే మిషను పాదం దించి ఉన్నప్పుడు దారం ఎక్కిస్తే అది దారాన్ని బిగువుగా పట్టే టెన్షన్ బిళ్లల నడుమ కూర్చోదు. పాదం పైకెత్తి, దారం పూర్తిగా తీసి, మళ్లీ మొదటి నుంచి ఎక్కించండి. ఇక కుట్టు మధ్యమధ్యలో తప్పుతున్నా, దారం పదేపదే తెగుతున్నా సూది మార్చాలి. జాకెట్టు కుట్టే సన్నని సూది నాలుగైదు పొరలను దాటేటప్పుడు వంగిపోతుంది కనుక బొంతకు 16 నంబరు సూది తగినది, పొరలు తక్కువైతే 14 నంబరు చాలు.

కుట్టు వెంబడి గుడ్డ చిరిగిపోతోంది

గుడ్డ అప్పటికే జీవం కోల్పోయిందని దీని అర్థం. చీరలో కూర్చునే చోటు, నేలకు రాసుకునే కింది అంచు ముందుగా పలచబడతాయి. కట్టులో లోపలికి పోయే చెంగు చాలాకాలం గట్టిగా ఉంటుంది. కత్తిరించే ముందు గుడ్డను నిలువుకూ అడ్డానికీ గట్టిగా లాగి చూడండి, నూలు పటపటమంటే ఆ భాగం లోపలి పొరకే పనికొస్తుంది. చిరిగిన చోట కుట్టు మరింత దగ్గరగా వేస్తే నష్టం పెరుగుతుంది, పైన గట్టి గుడ్డతో అతుకు వేయడమే మార్గం.

మొదటి ఉతుకులోనే ఎరుపు రంగు పక్కనున్న తెల్ల గుడ్డకు అంటుకుంది

ముదురు ఎరుపు, మెరూన్, నీలిమందు, నలుపు రంగుల గుడ్డల్లో నూలుకు పట్టని అదనపు రంగు తరచుగా మిగిలి ఉంటుంది. దాన్ని కనిపెట్టడం తేలిక. ఒక తెల్ల నూలు ముక్కను తడిపి, రంగు గుడ్డ మీద పెట్టి, పైన వేడి ఇస్త్రీ పెట్టె కాసేపు అదిమితే, దిగే రంగు తెల్ల ముక్క మీద తేలిపోతుంది. అలాంటి గుడ్డను బొంతలో చేర్చే ముందే విడిగా, నీళ్లు తేటబడేదాకా ఉతకాలి.

ఉప్పు నీళ్లలో నానబెడితే రంగు నిలుస్తుందని మన ఇళ్లలో గట్టి నమ్మకం ఉంది. అద్దకం తొట్టిలో ఉప్పు వేసేది రంగును నీటి నుంచి నూలు వైపు పంపడానికే తప్ప, అద్దకం అయిపోయిన గుడ్డ మీద వదులుగా మిగిలిన రంగును అది పట్టి ఉంచదు. పెద్దల మాటను కాదనడం నా ఉద్దేశం కాదు, కానీ ఆ నమ్మకంతో పెడనలోనో శ్రీకాళహస్తిలోనో ముచ్చటపడి కొన్న కలంకారీ గుడ్డను తెల్ల పంచె పక్కన కుట్టేసి బాధపడేవారిని చూస్తే, ఈ సంగతి చెప్పక తప్పదనిపిస్తుంది.

రంగు అప్పటికే అంటుకుని ఉంటే ఒక్కటే జాగ్రత్త: బొంతను ఆరనివ్వకూడదు, ఎండలో వేయకూడదు, ఇస్త్రీ చేయకూడదు. తడిగా ఉండగానే పెద్ద తొట్టి నిండా నీళ్లు పోసి, కొద్దిగా సబ్బు పొడి కలిపి, బొంత మొత్తం మునిగేలా పరిచి ఉంచి, నీటికి రంగు వచ్చినప్పుడల్లా పారబోసి కొత్త నీళ్లు పట్టాలి. నీళ్లు ఎక్కువగా ఉంటేనే దిగిన రంగు తిరిగి గుడ్డకు అంటకుండా నీటిలో ఉండిపోతుంది. వాన రోజున బొంత ఉతికితే ఆరదు, ఆరని బొంతలో రంగు తడితో పాటే పాకుతూ పోతుంది. అందుకే ఎంత మురికిగా ఉన్నా ఆ పనిని ఎండ రోజుకు వాయిదా వేయాలి.

సూది గుచ్చి ఉంచిన చోట తుప్పు మరక, దాచిన బొంతలో నల్ల చుక్కలు

ముసురులో సూదిని గుడ్డకే గుచ్చి వదిలేస్తే తెల్లారేసరికి తుప్పు మరక పడవచ్చు. తెల్ల గుడ్డ అయితే మరక మీద నిమ్మరసం పిండి, ఉప్పు అద్ది, ఎండలో ఉంచి, బాగా జాడించాలి. రంగు గుడ్డ మీద నిమ్మరసం రంగును కూడా తినవచ్చు, కాబట్టి ముందు ఒక మూలన పరీక్షించండి. లేత నల్ల చుక్కలు, ముక్కిపోయిన వాసన బూజు గుర్తులు. ఆరీ ఆరని బొంతను ప్లాస్టిక్ సంచిలో పెట్టి అటక మీద పెట్టడమే దీనికి కారణం. కలరా ఉండలు (నాఫ్తలీన్ గోళీలు) వేసినా తడి పోదు. ముందు ఆరుబయట పొడిగా దులిపి, తరువాత ఉతికి, రెండు వైపులా తిప్పుతూ ఎండబెట్టి, పాత నూలు పంచెలో చుట్టి దాచాలి. నూలు లోపలికి దిగిన చుక్కలు పూర్తిగా పోవు. తెలుపు తెప్పించాలని రంగు బొంత మీద బ్లీచింగ్ పొడి వాడితే చుక్క పోయినా పోకపోయినా రంగు పోతుంది.

ఇక వాన వెలిసిన తరువాత తోట సంగతి.

నిన్న నిటారుగా ఉన్న నారు ఈ ఉదయం నేలకు వాలిపోయింది

వంగ, టమాటా, మిరప నారును జాగ్రత్తగా చూడండి. మొక్క మొదలు దగ్గర, సరిగ్గా మట్టిని తాకే చోట కాండం నీరు పట్టి, నొక్కుకుపోయినట్టు సన్నబడి ఉంటే అది నారు కుళ్లు తెగులు. పిథియం అనే శిలీంద్రాన్ని పోలిన సూక్ష్మజీవి, రైజోక్టోనియా వంటి శిలీంద్రాలు దీనికి కారకాలు. అవి మట్టిలో ఎప్పుడూ ఉంటాయి, వాటికి బలం ఇచ్చేది మాత్రం ఒత్తుగా చల్లిన విత్తనం, గాలి ఆడని మడి, ఇంకని నీరు.

పడిపోయిన నారు లేవదు. దాన్ని చుట్టూ ఉన్న మట్టితో సహా తీసివేసి, మిగిలిన నారును కాపాడుకోవాలి. లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ (రాగి మందు) కలిపి మొదళ్లు తడిసేలా పోయాలి, పైమట్టి ఆరేదాకా వేరే నీరు పెట్టకూడదు. ట్రైకోడెర్మా విరిడి (తెగుళ్లను అణిచే మేలు శిలీంద్రం) వాడే అలవాటున్నవారు దాన్ని ఈ మందుతో కలపకూడదు. అది కూడా శిలీంద్రమే కాబట్టి రాగి మందు దాన్నీ చంపుతుంది. ట్రైకోడెర్మాను విత్తడానికి ముందు, మాగిన పశువుల ఎరువులో కలిపి మట్టికి అందించడమే సరైన పద్ధతి. మళ్లీ నారు పోసేటప్పుడు మడిని 15 సెంటీమీటర్ల ఎత్తున కట్టి, విత్తనాలను వరుసల్లో పలచగా వేసి, మబ్బు కమ్మగానే పైన వాన నీరు జారిపోయే కప్పు ఒకటి ఏర్పాటు చేసుకోండి.

కుండీలో మట్టి తడిగానే ఉంది, అయినా మొక్క వాడిపోయింది

ఈ లక్షణానికి రెండు కారణాలుంటాయి, వాటిని వేరు చేయకుండా ఏం చేసినా వృథా. వాడిన మొక్కను చూసి ఇంకో చెంబు నీళ్లు పోయడం అందరికీ సహజంగా వచ్చే ఆలోచన, మొక్కను పూర్తిగా చంపేది తరచుగా అదే.

మొదటిది వేళ్లకు గాలి అందకపోవడం. మట్టిలోని సందులన్నీ నీటితో నిండితే వేరు నీటిని కూడా పీల్చలేదు. కుండీ పైకెత్తి అడుగు రంధ్రం చూడండి. వేళ్లో మట్టో అడ్డుపడి ఉంటే ఇనుప చువ్వతో తెరిచి, కింద పళ్లెం తీసివేసి, కుండీని రెండు ఇటుకల మీద వాలుగా నిలపండి. పైన కప్పిన ఎండుటాకులు తొలగించండి. వాన వెలిసిన మర్నాడు కాసే తీక్షణమైన ఎండ నుంచి మొక్కను రెండు మూడు రోజులు నీడలో ఉంచండి. కొత్త చిగురు కనిపించేదాకా ఎరువు వేయవద్దు. వేళ్లు గోధుమ రంగుకు తిరిగి కుళ్లు వాసన వస్తుంటే కుళ్లిన భాగం కత్తిరించి, పొడి మట్టి మిశ్రమంలో మార్చి నాటాలి.

రెండోది బ్యాక్టీరియా ఎండు తెగులు. ఆకులు పసుపు రంగుకు తిరగకుండా పచ్చగా ఉండగానే వంగో టమాటానో ఒక్కసారిగా వాలిపోతే దీన్ని అనుమానించాలి. కాండాన్ని మొదలుకు దగ్గరగా కోసి, ఆ ముక్క కొనను గాజు గ్లాసులోని తేట నీటిలో కదలకుండా ఉంచితే, కొన్ని నిమిషాల్లో కోసిన చోటు నుంచి పాలలాంటి తెల్లని ధార కిందికి దిగుతుంది. అది కనిపిస్తే మందు వెతకవద్దు. మొక్కను వేళ్లతో సహా తీసి పారేసి, ఆ మట్టిలో వంగ, టమాటా, మిరప మళ్లీ వేయకుండా ఉండాలి, కోసిన కత్తిని శుభ్రం చేసుకోవాలి.

ఆనప, బీర పిందెలు పసుపుపచ్చబడి రాలిపోతున్నాయి

పిందె మీద గాయం లేకుండా ముడుచుకుని రాలితే పరాగసంపర్కం జరగలేదని అర్థం. ఆనప, బీర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి, అకాల వాన కూడా ఎక్కువగా ఆ వేళకే వస్తుంది. నీరు తగిలిన పుప్పొడి పగిలి పాడవుతుంది, కీటకాలూ రావు. మబ్బు పట్టిన సాయంత్రం, మర్నాడు పూయబోయే మొగ్గలు కాదు, ఆ పూటే విచ్చుకోబోయే ఆడ, మగ మొగ్గలకు కాగితం పొట్లాలు తొడిగి, వాన ఆగగానే మగ పువ్వును తుంచి, రేకులు వెనక్కి విరిచి, ఆడ పువ్వు నడుమ మెల్లగా అద్దండి. పిందె మీద సూది గుచ్చినంత గాటు, దాని నుంచి జిగురు కనిపిస్తే అది పండు ఈగ పని. ఆ పిందెలను ఏరి తోట బయట నాశనం చేసి, మిగిలిన వాటికి పొట్లాలు కట్టాలి.

టమాటా కాయ పగలడానికి కారణం పొడి మట్టికి ఒక్కసారిగా నీరు అందడమే. రంగు తిరుగుతున్న కాయలను వానకు ముందే కోసుకుంటే ఇంట్లో పండుతాయి. కాయ అడుగు నల్లబడటం కూడా నీటి హెచ్చుతగ్గుల వల్ల కాల్షియం కాయకు చేరక వచ్చేదే. గుడ్డు పెంకులు చల్లితే ఆ వారంలో ఫలితం రాదు, రోజూ సమంగా నీరు పెట్టడం వల్లే వస్తుంది. నత్తలను రాత్రి దీపం పట్టుకుని ఏరడం ఉత్తమం, ఉప్పు చల్లితే మట్టి పాడవుతుంది.

గాలికి ఊగిన మొక్క, కట్టిన చోటే విరిగిపోయింది

ప్లాస్టిక్ తాడు లేత కాండాన్ని కోస్తుంది, తడిసినప్పుడు ముడి జారుతుంది. బొంత కుట్టగా మిగిలిన నూలు చీర పేలికలను రెండు వేళ్ల వెడల్పున చించి, ముందు కర్రకు గట్టిగా ముడివేసి, తరువాత కాండం చుట్టూ వేలు దూరేంత వదులుగా కట్టాలి. కాండం లావెక్కుతుంది కనుక ముళ్లను అప్పుడప్పుడు విప్పి మార్చాలి. పాలిస్టర్ పేలికలు ఇందుకు వాడవద్దు, అవి మట్టిలో కలవవు. నూలు పేలికలు చివికిపోయిన తరువాత కంపోస్టు గుంతలో వేయవచ్చు, జరీ ఉంటే మాత్రం ముందే కత్తిరించి తీసేయాలి.