అమెరికాలో వలస కుటుంబం పిల్లల్ని బడిలో చేర్పించేటప్పుడు

సేవాసంస్థ కార్యకర్తలు ముందుగా సిద్ధం చేయించాల్సినవి: వయసు రుజువు, టీకాల రికార్డు, చిరునామా రుజువుగా అద్దె ఒప్పందం లేదా కరెంటు బిల్లు. వీసా గానీ సోషల్ సెక్యూరిటీ నంబరు గానీ లేదని అడ్మిషన్ ఆపకూడదు. ఇమిగ్రేషన్ కాగితాలు లేని పిల్లలకూ ప్రభుత్వ బడి చదువు నిరాకరించరాదని 1982లోనే సుప్రీంకోర్టు తీర్పిచ్చింది.

అద్దె కట్టలేక బంధువుల ఇంట్లో సర్దుకుంటున్నవారికి బిల్లు తమ పేరున ఉండదు. సొంత నివాసం లేని పిల్లల చదువు కోసం ఉన్న మెకిన్నీ-వెంటో అనే ఫెడరల్ చట్టం ప్రకారం అలాంటి పిల్లల్ని కాగితాలు లేకున్నా వెంటనే చేర్చుకోవాలి. ఆ పని చూసే లైజాన్ (సమన్వయ అధికారి) ప్రతి స్కూల్ డిస్ట్రిక్ట్‌లోనూ (ఆ ప్రాంతపు ప్రభుత్వ బడుల్ని నడిపే సంస్థ) ఉంటారు, నేరుగా వారినే అడగండి.

అసలు పొరపాటు జరిగేది, ఇంట్లో ఏ భాష మాట్లాడతారని బడి అడిగే ఇంటి భాష ఫారం దగ్గర. పిల్లల్ని వేరే తరగతిలో వేస్తారన్న భయంతో కొందరు తల్లిదండ్రులు ఇంట్లో తెలుగే మాట్లాడుతున్నా 'ఇంగ్లీషు' అని రాసేస్తారు. దాంతో ఇంగ్లీషు నేర్పే ప్రత్యేక సాయం పోతుంది. ఉన్నదే రాయించండి. బడివాళ్లు తల్లిదండ్రులతో మాట్లాడేటప్పుడు పిల్లల్ని దుబాసీలుగా వాడనివ్వకండి. దుబాసీని ఉచితంగా ఏర్పాటు చేయాల్సింది బడే.