లేహ్‌కి కారులో వెళ్తున్నారా? ముందు రాత్రి ఎక్కడ పడుకుంటారో తేల్చుకోండి

తిరుమల ఘాట్ మీద పదిసార్లు కారు నడిపినవాళ్లకి కొండదారంటే భయం ఉండదు. మేమూ ఆ ధైర్యంతోనే మనాలి నుంచి లేహ్‌కి బయల్దేరాం. కానీ తిరుమలలో ఎక్కే దారి వేరు, దిగే దారి వేరు. మలుపు తిరగ్గానే ఎదురుగా లారీ వస్తుందన్న బెంగ లేదు. పైగా ఆ కొండ వెయ్యి మీటర్ల ఎత్తు కూడా ఉండదు. మనాలి–లేహ్ రోడ్డు సుమారు 430 కిలోమీటర్లు. దారిలో రెండు కనుమలు 5,000 మీటర్లు దాటతాయి. అక్కడ గాలి పీడనం సముద్రమట్టంలో ఉండేదాంట్లో సగానికి కాస్త ఎక్కువ, అంతే.

మేం చేసిన తప్పు చెప్తాను. పొద్దున మనాలిలో టిఫిన్ చేసి, అటల్ టన్నెల్ దాటి, సాయంత్రానికి సర్చూ టెంట్లకి చేరాం. మనాలి 2,050 మీటర్లు, సర్చూ సుమారు 4,300. ఒక్క పగట్లో అంత ఎత్తు ఎక్కేశాం. రాత్రి ఏడింటికి మా నాన్న తల పట్టుకుని కూర్చున్నారు. ‘‘ఏం లేదురా, గ్యాస్. కూర్చుని కూర్చుని పట్టేసింది’’ అన్నారు. ఆయన పక్కన పెట్టిన టీ మీద మీగడ కట్టింది, గుక్క కూడా తాగలేదు. అది గమనించింది మా ఆవిడే. ‘‘మామయ్యగారు టీ వదిలేశారంటే అది గ్యాస్ కాదు’’ అంది. పదింటికి వాంతి అయింది.

ఎత్తులో ఆక్సిజన్ చాలక వచ్చే కొండజబ్బుకి అసలు మందు కిందికి దిగడమే. సర్చూలో ఇరుక్కున్న సంగతి అప్పుడు అర్థమైంది. వెనక్కి దిగాలంటే ముందు సుమారు 4,890 మీటర్ల బారాలచా లా ఎక్కాలి (అక్కడ ‘లా’ అంటే కనుమ). ముందుకెళ్తే లాచుంగ్ లా, ఇంకా ఎత్తు. ఆ తర్వాత వచ్చే పాంగ్ కూడా 4,600 మీటర్ల మీదే ఉంది, దాన్ని దాటాక తంగ్‌లాంగ్ లా. దిగాలంటే ముందు ఎక్కాల్సిన చోట రాత్రి పడుకున్నామన్నమాట. తెల్లవారుజామునే బారాలచా దాటి, మనాలి వైపు కిందున్న జిస్పాకి వచ్చేశాం. మధ్యాహ్నానికి నాన్న అన్నం అడిగారు. అదృష్టం బాగుంది కాబట్టి అంతటితో పోయింది.

అందుకే నా సలహా: పెద్దవాళ్లూ పిల్లలూ ఉంటే మనాలి నుంచి వెళ్లకండి, మనాలి మీదుగా తిరిగి రండి. వెళ్లేటప్పుడు శ్రీనగర్, కార్గిల్ దారి పట్టండి. శ్రీనగర్ 1,600 మీటర్ల లోపే. జోజి లా 3,528 మీటర్లు, దాటాక మళ్లీ దిగుతాం. రాత్రి బస చేసే కార్గిల్ దాదాపు 2,700. మర్నాడు 4,108 మీటర్ల ఫోటు లా ఎక్కినా, పడుకునేది 3,500 మీటర్ల లేహ్‌లో. ఒంటికి అలవాటు పడే తీరిక దొరుకుతుంది. లేహ్ చేరాక రెండు రోజులు ఎక్కడికీ వెళ్లొద్దు. ‘ఇంతదూరం వచ్చి హోటల్లో కూర్చోవడమేంటి’ అని పిల్లలు గొణుగుతారు, గొణగనివ్వండి. జోజి లా మీద వాహనాలని ఒక్కో వైపు నుంచి వేళల ప్రకారం వదులుతుంటారు. ఆ వేళలతో పాటు కశ్మీర్ వైపు పరిస్థితి కూడా ముందురోజే కనుక్కోండి.

తప్పక మనాలి నుంచే వెళ్లాలంటే, 3,200 మీటర్ల జిస్పాలో కనీసం రెండు రాత్రులు ఉండి, ఆపైన ఒకే రోజులో లేహ్ చేరేలా తెల్లవారుజాము నాలుగున్నరకల్లా బయల్దేరండి. పది పన్నెండు గంటల ప్రయాణం. ఇద్దరు డ్రైవర్లు లేకపోతే ఈ ఆలోచన మానుకోండి.

తలనొప్పికి తోడు వికారం, ఆకలి లేకపోవడం, విపరీతమైన నీరసం ఉంటే కొండజబ్బే అనుకోండి. తాగినవాడిలా తూలుతున్నా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా, ఊరికే కూర్చున్నా ఆయాసం, దగ్గు ఉన్నా తెల్లారేదాకా ఆగొద్దు. ఆ క్షణమే దింపాలి. దారిలో అమ్మే చిన్న ఆక్సిజన్ డబ్బా కొన్ని నిమిషాలకే ఖాళీ అయిపోతుంది, దాన్ని నమ్ముకోవద్దు. కొండజబ్బు రాకుండా వేసుకునే డయామాక్స్ మాత్ర గురించి ఇంటి దగ్గరే డాక్టర్ని అడగండి. సల్ఫా మందులు పడనివాళ్లు ఆ మాట ముందే చెప్పాలి. గుండెజబ్బు, ఆస్తమా, బీపీ ఉన్నవాళ్లకీ గర్భిణులకీ డాక్టర్ సరే అంటేనే ప్రయాణం. తలనొస్తోందని నోటితో చెప్పలేని పసిపిల్లల్ని ఈ దారిలో తీసుకెళ్లడం నాకైతే ఇష్టం లేదు. నిద్రమాత్రలు, మద్యం ఆ రాత్రులకి వద్దు.

కారు సంగతికొస్తే, బ్రేకులు, క్లచ్, టైర్లు, స్టెప్నీ చూపించుకోండి. దిగేటప్పుడు రెండో గేరులో దిగండి, ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్లో దిగే అలవాటు మనవాళ్లలో చాలామందికి ఉంది. అక్కడ అలా చేస్తే బ్రేకులు వేడెక్కి, పెడల్ తొక్కినా బండి ఆగదు. ఎక్కే బండికి దారివ్వాలి. మనాలి నుంచి వెళ్తుంటే జిస్పాకి ముందే వచ్చే తాండి బంకులో ట్యాంకు నిండా కొట్టించండి. ‘తర్వాతి బంకు 365 కిలోమీటర్లు’ అన్న అక్కడి బోర్డు ఫోటో చాలామంది చూసే ఉంటారు. మధ్యలో ఏదో ఒకటి దొరుకుతుందిలే అనుకోవద్దు. ఫస్ట్, సెకండ్ గేర్లలో మైలేజీ బాగా పడిపోతుంది.

అన్నిటికంటే నన్ను భయపెట్టింది నాలాలు. మంచు కరిగిన నీళ్లు రోడ్డు మీదుగా పారుతుంటాయి. పొద్దున చీలమండ లోతున్న నాలా, ఎండెక్కాక మధ్యాహ్నానికి బంపర్ దాకా వస్తుంది. అడుగున గుండ్రాళ్లు ఉంటాయి. జింగ్‌జింగ్‌బార్ దగ్గరి పాగల్ నాలాకి ఆ పేరు ఊరికే రాలేదు. తెల్లవారుజామునే బయల్దేరమనేది అందుకే. కాకపోతే ఆ వేళకి నీడ పడిన మలుపుల్లో నీళ్లు అద్దంలా గడ్డకట్టి ఉంటాయి, నెమ్మదిగా పోవాలి. నాలా దగ్గర ముందు బండి ఏ గాడిలో దాటిందో చూసి, మొదటి గేరులో ఆపకుండా దాటండి. నీళ్ల లోతు తెలియకపోతే లారీ వచ్చేదాకా ఆగండి. అక్కడి లారీ డ్రైవర్లు అడిగితే చెప్తారు, విసుక్కోరు.

తిండికి పులిహోర, చపాతీలు, మజ్జిగ పొడి చాలు. సర్చూ ఎత్తులో నీళ్లు 86 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, కుక్కర్ లేకుండా అన్నం వండితే పలుకే మిగులుతుంది. చిప్స్ ప్యాకెట్లు బెలూన్లలా ఉబ్బి, పిల్లలు తెరవగానే ఢామ్మంటాయి. డ్రైవర్ ఉలిక్కిపడకుండా ముందే చెప్పుంచండి.

ఎప్పుడు వెళ్లాలన్నదీ చిక్కే. మన బడుల వేసవి సెలవులు ఏప్రిల్ చివర్లో మొదలై జూన్ 12 ప్రాంతానికి అయిపోతాయి. మనాలి వైపు రోడ్డు మామూలుగా మే, జూన్ నెలల్లోగానీ తెరుచుకోదు. జులై, ఆగస్టుల్లో హిమాచల్ వైపు కొండచరియలు విరిగిపడతాయి. 2023 జులైలో బియాస్ నది పొంగి మనాలి దారే కొట్టుకుపోయింది. సెప్టెంబర్ మంచిది. దసరా సెలవులు సెప్టెంబర్ చివర్లో పడిన ఏడాదైతే మనకి కలిసొచ్చినట్టే, చలి మాత్రం గడ్డకట్టిస్తుంది. అక్టోబర్ మధ్యకి వెళ్తే ఏ రాత్రి మంచు పడి దారి మూసేస్తారో చెప్పలేం.

ఆఖరుగా ఫోన్లు. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ లడఖ్‌లో పనిచేయదు, ఇంట్లో ఒక్కరికైనా పోస్ట్‌పెయిడ్ ఉండాలి. సర్చూ, పాంగ్ మధ్య చాలాదూరం ఏ సిగ్నలూ ఉండదు. కాబట్టి బయల్దేరే ముందురోజు రాత్రే ఇంటికి ఫోన్ చేసి, ‘‘అమ్మా, రేపు రాత్రి దాకా ఫోన్ కలవదు, టెన్షన్ పడొద్దు’’ అని చెప్పేయండి. నేను చెప్పలేదు. మర్నాడు సిగ్నల్ వచ్చేసరికి 34 మిస్డ్ కాల్స్ ఉన్నాయి, అందులో 11 మా అత్తగారివి.