హాస్టల్ గదిలో తక్కువ కరెంటుతో చల్లదనం – మూడో పాఠం: కూలర్ పెట్టాక జిగట ఎందుకు?

రెండో పాఠం చదివి కూలర్ తెచ్చుకున్నవాళ్లలో చాలామందిది ఒకటే ఫిర్యాదు: మొదటి పది నిమిషాలు హాయి, ఆ తర్వాత ఒళ్లంతా జిగట, పుస్తకాల అట్టలు మెత్తబడటం. ఈసారి ప్యాడ్ల (కూలర్‌లో నీళ్లతో తడిసి గాలిని చల్లబరిచే పలకల) శుభ్రత గురించి రాయాల్సింది. ఈ జిగట సంగతి తేలకుండా అది చెప్పి లాభం లేదు.

కూలర్ తిప్పుతూ తలుపులూ కిటికీలూ బిగించడమే అసలు తప్పు. ఏసీకి అది సరైన పని, కూలర్‌కి పూర్తిగా వ్యతిరేకం. ఏసీ ఉన్న గాలినే తిప్పి చల్లబరుస్తుంది, అందులోని తడిని బయటికి పంపుతుంది. కూలర్ నీటిని ఆవిరి చేసి చల్లబరుస్తుంది, ఆ ఆవిరంతా గదిలోకే వస్తుంది. లెక్క చూడండి. గంటకు 1500 ఘనమీటర్ల గాలి తోసే కూలర్, హైదరాబాద్ మే ఎండలో, గంటకు సుమారు 8 లీటర్ల నీళ్లు ఆవిరి చేస్తుంది. పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు, పది అడుగుల ఎత్తు ఉన్న గదిలోని గాలి మొత్తం కలిపి లీటరు నీటి ఆవిరిని కూడా పట్టలేదు. అంటే మూసిన గది కొద్ది నిమిషాల్లోనే నిండిపోతుంది. ఆపైన నీళ్లు ఆవిరి కావు, చల్లదనం రాదు, చెమటా ఆరదు.

అందుకే కూలర్ వీపు బయటిగాలికి తగలాలి: కిటికీలోనో, బాల్కనీ తలుపు దగ్గరో. గది మధ్యలో పెడితే తడిగాలినే మళ్లీ పీలుస్తుంది. గాలి బయటికి పోయే దారి ఎదురుగోడ వైపు ఉండాలి, సుమారు రెండు చదరపు అడుగులు. నాలుగడుగుల ఎత్తు కిటికీ రెక్కను అర అడుగు తెరిస్తే సరిపోతుంది. మంచం ఈ రెంటి మధ్యా పడేలా జరపండి. కారిడార్ వైపు వెంటిలేటర్ ఉంటే నేను దాన్నే వాడమంటాను, దోమతెర బిగించడం తేలిక. దారి చాలిందో లేదో తెలియాలంటే అక్కడ న్యూస్‌పేపర్ చీలిక పట్టుకోండి. బయటివైపు రెపరెపలాడాలి.

ట్యాంకులో ఐసు వేయడం మానండి. కిలో ఐసు కరిగి తీసుకునే వేడికి ఏడు రెట్లు, లీటరు నీరు ఆవిరైతే తీసుకుంటుంది. ఆ ఐసు కోసం ఫ్రిజ్ కాల్చిన కరెంటు దండగ.

మిగతావి క్లుప్తంగా. పడుకునే ముందు ట్యాంకు నింపండి, 40 లీటర్లది అయిదు గంటల్లో అయిపోవచ్చు. పొద్దున పంపు ఆపి, ఫ్యాన్ ఇరవై నిమిషాలు తిప్పితే ప్యాడ్లు ఆరి వాసన పట్టవు. బోరునీళ్లయితే రెండుమూడు రోజులకోసారి ట్యాంకు పూర్తిగా ఖాళీ చేయండి, లేకపోతే ఉప్పు పేరుకుని ప్యాడ్లు గట్టిపడతాయి. వారానికోసారి లోపల రుద్ది కడగాలి, డెంగ్యూ దోమ అక్కడే గుడ్లు పెడుతుంది. నీళ్లు పోసేటప్పుడు ప్లగ్ పీకి ఉండాలి. ఇనప బాడీ కూలర్‌ని ఎర్త్ లేని సాకెట్‌లో అసలు పెట్టొద్దు.

అభ్యాసం. కొంచెం ఓపిక కావాలి. రెండు గది థర్మామీటర్లు తీసుకుని, ఒకదాని బుడ్డికి తడి నూలుగుడ్డ చుట్టండి. రెంటినీ కిటికీ దగ్గర, నీడలో, టేబుల్ ఫ్యాన్ గాలిలో అయిదు నిమిషాలు ఉంచండి. రెంటి తేడాను 0.75తో గుణిస్తే, మంచి ప్యాడ్లున్న కూలర్ ఎన్ని డిగ్రీలు తగ్గించగలదో వస్తుంది. పొడి 40, తడి 24 అయితే తేడా 16, తగ్గుదల 12, గాలి 28 డిగ్రీలకు వస్తుంది. అదే వానాకాలంలో 34, 28.5 అయితే తగ్గేది నాలుగే, వచ్చే గాలి చెమ్మగా ఉంటుంది. విశాఖ, కాకినాడ తీరాన ఎక్కువ రోజులు ఈ రెండో లెక్కే. తేడా ఆరు లోపు ఉంటే పంపు ఆపి ఫ్యాన్ మాత్రమే తిప్పండి.

వారం రోజులపాటు పొద్దున ఆరుకు, మధ్యాహ్నం రెండుకు, రాత్రి పదికి ఈ కొలతలు రాయండి. పక్కనే సబ్‌మీటర్ (గదికి విడిగా బిగించిన కరెంటు మీటరు) రీడింగ్ కూడా. 180 వాట్ల కూలర్ ఎనిమిది గంటలకు యూనిట్టున్నర దాటదు. మీ మీటరు అంతకంటే బాగా ఎక్కువ చూపిస్తే ఆ తేడా గీజర్‌దో, ఇంకెవరి గదిదో. నాలుగో పాఠానికి ఆ కాగితం దగ్గర పెట్టుకోండి.