తెల్లబారే టాపు, మూతపడని బానెట్: విశాఖలో మజిల్ కారు మోడల్ కట్టేవారికి

ప్రస్తుతం నా బల్ల మీద ఉన్నది ‘1970 ప్లిమత్ హెమీ కూడా’ అనే అమెరికన్ మజిల్ కారు (పెద్ద ఇంజను పెట్టిన వేగపు బండి), ప్లాస్టిక్ ముక్కలు అతికించి కట్టే మోడల్, 1/25 స్కేలు. బరకూడా చేప పేరును కుదిస్తే వచ్చిన పేరది. ‘ఇది కూడా కొన్నావా?’ అని ఇంట్లో వెక్కిరించడానికి బాగా పనికొస్తోంది. అసలు బండి పొడవు సుమారు 4.74 మీటర్లు, నా బల్ల మీద 19 సెంటీమీటర్లు. ఇంత చిన్న వస్తువు ఎన్ని రకాలుగా ఇబ్బంది పెట్టగలదో రెండు నెలలుగా చూస్తున్నాను. అందులో సగం తప్పు నా చేతిది కాదు, సముద్రానిది.

సమస్య: రంగు ఆరాక టాపు మీద పాలపొర

ఎం.వి.పి. కాలనీలో డాబా మీద, సాయంత్రం ఆరు దాటాక, ముదురు ఊదా ల్యాకర్ (త్వరగా ఆరే రంగు) స్ప్రే చేశాను. పది నిమిషాల్లో టాపు పెరుగు పూసినట్టు తెల్లబడింది. డోర్ల మీద మచ్చ లేదు.

ముందు గోటితో మెల్లగా తాకి చూడండి. గరుకుగా, పొడిపొడిగా ఉంటే డబ్బాను దూరంగా పట్టుకున్నారని అర్థం. రంగు గాలిలోనే ఆరి దుమ్ములా పడింది. నున్నగా ఉండి తెల్లగా ఉంటే అది తేమ. ల్యాకర్‌లోని ద్రావకం వేగంగా ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది. చల్లని మజ్జిగ గ్లాసు బయట చెమర్చినట్టే, గాలిలోని తేమ ఆ తడి రంగు మీద చేరి లోపలే చిక్కుకుంటుంది. టాపు మీదే ఎందుకంటే, అక్కడే నేను రంగు దట్టంగా కొట్టాను.

తెల్లబారిన చోట అదే కంపెనీ రిటార్డర్ థిన్నర్‌ను (మెల్లగా ఆరే థిన్నర్) పొగమంచులా పలచగా కొడితే పై పొర మళ్లీ కాస్త కరిగి, తేమ బయటికి పోతుంది. నాకు రెండు విడతల్లో ఊదా రంగు తిరిగి వచ్చింది. అయినా పోకపోతే బాగా ఆరనిచ్చి, 2000 నంబరు వాటర్ పేపర్‌తో తడిపి రుద్ది, మళ్లీ వేయడమే. ఇకపై సాయంత్రం పని మానేయండి. ఎండ ఎక్కాక, సముద్రగాలి పుంజుకోకముందు ఉండే గంటా రెండు గంటలు మేలు. డిసెంబరు, జనవరి అయితే ఇంకా మేలు. వంద రూపాయలు ఎక్కువైనా గాలిలో తేమ చూపే హైగ్రోమీటర్ ఒకటి కొనుక్కోండి. ముల్లు 70 శాతం దాటితే నేను డబ్బా ముట్టుకోను, ఆ పూట ఇంజను పని చూసుకుంటాను. ఏసీ గదిలో తేమ తక్కువ కదా అని తలుపులు మూసి స్ప్రే చేయకండి. ఆ ఆవిరి ఊపిరితిత్తులకు చేటు, పైగా మండుతుంది.

సమస్య: బానెట్ మూతపడటం లేదు

ఇది ముఖ్యంగా షేకర్ స్కూప్ (ఇంజనుకు గాలి అందించే పైమూతి) ఉన్న బండ్లకు వస్తుంది. అసలు కారులో ఆ స్కూప్ బానెట్‌కు కాదు, ఇంజనుకు బిగించి ఉంటుంది. బానెట్‌లోని రంధ్రం గుండా తల బయట పెట్టి ఇంజనుతో పాటు వణుకుతుంది. కాబట్టి మోడల్‌లో ఇంజను ఒక్క మిల్లీమీటరు ఎత్తుగా కూర్చున్నా, పక్కకు ఒరిగినా స్కూప్ రంధ్రం అంచుకు తగులుతుంది. చాలామంది వెంటనే రంధ్రాన్ని ఆకురాయితో పెద్దది చేస్తారు. చేయకండి, తర్వాత చుట్టూ కనిపించే ఖాళీని దేంతోనూ దాచలేరు. కింద చూడండి: ఇంజను మౌంట్ల మీద గమ్ము ముద్ద గట్టిందా, ప్రైమర్ (రంగుకు ముందు వేసే పూత) దట్టమైందా, రేడియేటర్ గోడ వెనక్కి వంగిందా? నా బండిలో ఎడమ మౌంట్ కింద బియ్యపు గింజంత గమ్ము గడ్డ ఉంది. అది గీకేశాక బానెట్ దానంతట అదే కూర్చుంది. అసలైతే గమ్ము వాడకముందే ఇంజను, చాసిస్, బాడీ మూడింటినీ మాస్కింగ్ టేపుతో నిలబెట్టి చూసుకోవాల్సింది.

సమస్య: కిటికీ అద్దాల లోపల బూడిద రంగు మసక

సూపర్ గ్లూ ఆవిరి తేమతో కలిసి గట్టిపడి అద్దం మీద పేరుకుంటుంది. పోలీసులు వేలిముద్రలు బయటపెట్టడానికి వాడేదీ ఈ ఆవిరినే. అద్దాలకు తెల్ల గమ్ము చాలు. ఇప్పటికే మసకబారితే దూదితో కాస్త టూత్‌పేస్ట్ అద్ది ఓపికగా రుద్దండి.

సమస్య: రంగు చిన్న చిన్న గుంటలుగా విడిపోతోంది

అచ్చు నుంచి వచ్చిన జిడ్డు, లేదా మీ వేళ్ల నూనె. పకోడీ తిన్న చేత్తో బాడీ పట్టుకున్నారా? గిన్నెల సబ్బుతో కడిగి, ఆరబెట్టి, ప్రైమర్ వేయండి.

సమస్య: క్రోమ్ భాగాలు అతికినట్టే అతికి ఊడిపోతున్నాయి

ప్లాస్టిక్ గమ్ము ప్లాస్టిక్‌ను కరిగించి కలుపుతుంది. మధ్యలో మెరుపు పూత ఉంటే దేన్నీ పట్టుకోలేదు. అతికే చోట మాత్రం బ్లేడుతో గీకండి.

సమస్య: చారల కింద వెండి మెరుపు

వెనక భాగం మీది హాకీ కర్ర ఆకారపు చార ఈ బండికి గుర్తింపు. అది డీకాల్, అంటే నీటిలో నానబెట్టి అతికించే స్టిక్కర్. దాని కింద గాలి చిక్కితే పక్క నుంచి చూసినప్పుడు తళతళమంటుంది. మ్యాట్ (మెరుపు లేని) రంగు మీద నేరుగా అతికిస్తే ఇంతే. ముందు మెరిసే పారదర్శక పూత (గ్లాసీ క్లియర్) పలచగా వేసి, ఆరాక డీకాల్ పెట్టి, మధ్య నుంచి అంచులకు తడి కుంచెతో నీటిని తోయండి. ఇప్పటికే మెరుస్తుంటే సూదితో పొడిచి, ఒక చుక్క డీకాల్ సాఫ్ట్‌నర్ (డీకాల్‌ను మెత్తబరిచే ద్రవం) వేసి రాత్రంతా వదిలేయండి.

సమస్య: ఒక చక్రం గాల్లో ఉంది

బల్లను నమ్మకండి, అద్దం పలక మీద పెట్టి చూడండి. చాసిస్ వంకరైతే చేయి ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో ముంచి, మెల్లగా తిప్పి, చల్లారేదాకా పట్టుకోండి. ఇరుసు తప్పైతే గమ్ము విప్పాల్సిందే. వెనక భాగం కాస్త ఎత్తుగా, దూకబోతున్నట్టు కనిపించాలనుకుంటే ఇదే అదను: లీఫ్ స్ప్రింగులకూ ఇరుసుకూ మధ్య అర మిల్లీమీటరు ప్లాస్టిక్ ముక్క పెట్టి మొదలుపెట్టండి. నేను ఒక మిల్లీమీటరు పెట్టాను. ఎక్కువైంది, రేపు మళ్లీ విప్పాలి.