గ్లైకాలసిస్, మూడో పాఠం: ఏటీపీ లెక్క ఎక్కడ తప్పుతోంది?

గ్లైకాలసిస్ అంటే కణం ఒక గ్లూకోజును రెండు పైరువేట్‌లుగా విరిచి, తన పనులకు కావలసిన శక్తిని ఏటీపీ రూపంలో సంపాదించే దారి. ఈసారి ఆ పైరువేట్ మైటోకాండ్రియాలోకి, అంటే ఆక్సిజన్ వాడి ఇంకా ఏటీపీ తయారుచేసే కణభాగంలోకి, ఎలా వెళ్తుందో చెప్పాలి, కానీ ఒక్క గ్లూకోజుకి చివరికి ఎన్ని ఏటీపీలు మిగులుతాయన్న పోయిన లెక్కకు మీరు పంపిన జవాబులు చూశాక దాన్ని పక్కన పెట్టేశాను. చాలామంది రెండు ఏటీపీలు ఖర్చు, రెండు రాబడి, మిగిలింది సున్నా అని రాశారు. మిగిలేది సున్నా అయితే ఏ కణమైనా ఈ పని ఎందుకు చేస్తుంది?

కణద్రవ్యంలో జరిగే పది మెట్లు, ఎంజైముల పేర్లు మీ పుస్తకంలోనే ఉన్నాయి, మళ్లీ చెప్పను. మొదటి మెట్టులో ఒక ఏటీపీ, మూడో మెట్టులో ఇంకొకటి ఖర్చవుతాయి. నాలుగో మెట్టులో ఆల్డోలేజ్ అనే ఎంజైము 6 కార్బన్ల చక్కెరను రెండు 3 కార్బన్ల ముక్కలు చేస్తుంది. తప్పంతా ఇక్కడే. ఒక ముక్క గ్లిసరాల్డిహైడ్-3-ఫాస్ఫేట్, రెండోది డైహైడ్రాక్సీఎసిటోన్ ఫాస్ఫేట్. చాలా పుస్తకాల్లో రెండోదాన్ని బొమ్మలో ఓ పక్కకి గీసి, కింది బాణాలన్నీ మొదటిదానికే వేస్తారు, దాంతో రెండోది ఎటో పోయిందనుకుంటారు. ఎటూ పోదు. ఐదో మెట్టులో అదీ గ్లిసరాల్డిహైడ్-3-ఫాస్ఫేట్‌గా మారి అదే దారిన వస్తుంది. అంటే ఒక్క గ్లూకోజుకి ఆరో మెట్టు నుంచి పదో మెట్టు దాకా ప్రతిదీ రెండుసార్లు జరుగుతుంది: ఆరులో ఎన్ఏడీహెచ్ (ఎలక్ట్రాన్లు పట్టుకున్న ఎన్ఏడీ) రెండు, ఏడులో ఏటీపీ రెండు, పదిలో మరో రెండు. నాలుగు వచ్చి రెండు పోతే మిగిలేది రెండు. నేనైతే ఐదో మెట్టు కింద ఎర్ర పెన్నుతో అడ్డగీత గీసి ×2 అని రాసుకుంటాను. మీరూ గీయండి, బట్టీ పట్టొద్దు.

ఆక్సిజన్ ఉంటే గ్లైకాలసిస్ జరగదా అని కూడా అడిగారు. ఉన్నా లేకున్నా జరుగుతుంది. ఆక్సిజన్ చాలనప్పుడు కండరం పైరువేట్‌ను లాక్టేట్‌గా మార్చేది ఆరో మెట్టుకు కావలసిన ఎన్ఏడీని తిరిగి తెచ్చుకోవడానికే. ఎర్ర రక్త కణానికి మైటోకాండ్రియాలే ఉండవు, ఒంటినిండా ఆక్సిజన్ మోస్తూ కూడా అది ఈ దారి మీదే బతుకుతుంది. షుగర్ టెస్టుకి తీసిన రక్తంలో కూడా కణాలు గ్లూకోజు వాడుకుంటూనే ఉంటాయి, రీడింగ్ తగ్గిపోతుంది. అందుకే బూడిదరంగు మూత ట్యూబులో ఫ్లోరైడ్ వేస్తారు, అది తొమ్మిదో మెట్టులోని ఎనోలేజ్ అనే ఎంజైమును అడ్డుకుంటుంది.

ఇక అభ్యాసం. కండరంలో గ్లైకోజన్ (గ్లూకోజు నిల్వ) నుంచి వచ్చే గ్లూకోజ్-1-ఫాస్ఫేట్‌తో మొదలైతే మిగిలే ఏటీపీ ఎంత? మామూలు గ్లూకోజుతోనే మొదలై, ఆర్సెనేట్ అనే విషం వల్ల ఏడో మెట్టులో ఏటీపీ రాకపోతే ఎంత? రెండింటికీ అన్ని మెట్లూ రాసి, ఒక్కో మెట్టు పక్కన కార్బన్లు లెక్కగట్టి పంపండి. ఉత్త అంకె పంపితే దిద్దను.