మైక్రోవేవ్ అంకెల వెనక బొద్దింక నడుస్తుంటే

ఒక రాత్రి పాలు వేడి చేద్దామని మైక్రోవేవ్ ముందు నిలబడ్డాను. డిస్‌ప్లేలో 10:42 అని వెలుగుతోంది. ఆ నాలుగు అంకెల మీదుగా ఒక పిల్ల బొద్దింక తాపీగా నడుచుకుంటూ పోయింది, అద్దం వెనక నుంచి. వేలితో టకటకా కొట్టినా లెక్కచేయలేదు. వెంటనే స్ప్రే డబ్బా తెచ్చి వెనకున్న గాలి కంతల్లోకి కొట్టాను. నాలుగు చచ్చాయి. వారం తిరిగేసరికి పక్కనున్న మిక్సీలోంచి, స్విచ్ బోర్డులోంచి కూడా రావడం మొదలైంది.

లోపల తినడానికి ఏమీ లేదు, అయినా చేరుతున్నాయి

ముందు ఏ రకమో చూసుకోండి. బొటనవేలంత పొడవున్న ఎర్రటి బొద్దింక ఎప్పుడో ఒకటి కనిపిస్తే అది డ్రైనేజీ నుంచి దారి తప్పి వచ్చినదై ఉంటుంది. సింకు జాలీ, పైపు చుట్టూ ఉన్న సందులు మూసుకుంటే చాలు. సెంటీమీటరున్నర లోపు ఉండి, లేత గోధుమ రంగులో, తల వెనక రెండు నల్లటి చారలుంటే అది జర్మన్ బొద్దింక. యంత్రాల్లో కాపురం పెట్టేది ఎక్కువగా ఇదే.

దానికి వెచ్చదనం, చీకటి, ఒంటికి రెండు వైపులా తగిలేంత ఇరుకు కావాలి. అర సెంటీమీటరు సందులో పెద్దది దూరిపోతుంది, పిల్లలకు అంత కూడా అక్కర్లేదు. ఎప్పుడూ కరెంటు పారుతూ గోరువెచ్చగా ఉండే డిస్‌ప్లే బోర్డు దానికి పరుపులాంటిది. తిండికి బయటికొచ్చి వెళ్తుంది. అందుకే మందు పెట్టాల్సింది యంత్రం లోపల కాదు, అది నడిచే దారిలో.

స్ప్రే కొట్టిన కొద్దీ ఎక్కువవుతున్నాయి

నేను చేసిన తప్పు ఇదే. మామూలు స్ప్రేలలోని మందు తగిలినవాటిని చంపుతుంది, తగలనివాటిని చెదరగొడుతుంది. చెదిరినవి పక్క యంత్రంలో కొత్త కాపురం పెడతాయి. పైగా స్ప్రేలోని గ్యాస్‌కు నిప్పంటుకుంటుంది. స్టవ్ పక్కన, కరెంటు బోర్డు మీద దాన్ని కొట్టడం బొద్దింకకన్నా పెద్ద ప్రమాదం.

ఇక్కడ పనిచేసేది జెల్ మందు. తిన్న బొద్దింక గూటికి వెళ్లి చస్తుంది. దాని మలాన్నీ శవాన్నీ తిన్న పిల్ల బొద్దింకలకూ విషం అందుతుంది. అవి పెద్దగా బయటికి రావు కాబట్టి ఇదే అసలు లాభం. పెసరగింజంత చుక్కలు, ఎక్కువ చోట్ల పెట్టండి. యంత్రం కాళ్ల దగ్గర, వెనక గోడ అంచున, అల్మారా కీళ్ల పక్కన. గాలి కంతల్లో, వేడెక్కే రేకు మీద, తిండి తగిలే చోట వద్దు. ఇంట్లోని చిన్నపిల్లలకూ పెంపుడు జంతువులకూ అందకూడదు.

జెల్ పెట్టినా ముట్టుకోవడం లేదు

చాలాసార్లు కారణం మనమే. నిన్నటి స్ప్రే వాసన అక్కడే ఉంటే అవి దగ్గరికి రావు. చుట్టూ సబ్బునీళ్లతో తుడిచి, ఆరాక కొత్తగా పెట్టండి. పక్కనే జిడ్డు, రొట్టె పొడి ఉంటే జెల్ ఎవరికి కావాలి? అన్నీ సరిగ్గా ఉన్నా తినకపోతే వేరే మందు ఉన్న జెల్‌కు మారండి. కొన్నిచోట్ల వీటికి గ్లూకోజ్ అంటేనే గిట్టకుండా పోయింది, తీపి ఎరను వదిలేస్తాయి.

మైక్రోవేవ్ ఖాళీగా తిప్పినా చావడం లేదు

చావవు. అవి ఉండేది గిన్నె పెట్టే అరలో కాదు, బటన్ల ప్యానెల్ వెనక. తరంగాలు అక్కడికి చేరవు. ఖాళీగా తిప్పితే ఆ తరంగాలను పుట్టించే మాగ్నెట్రాన్ పాడవొచ్చు, అంతే. పై కవరు మాత్రం విప్పొద్దు. ప్లగ్ పీకినా లోపల కరెంటు నిల్వ ఉంచే కెపాసిటర్‌లో ప్రాణం తీసేంత చార్జి నిలిచి ఉండొచ్చు. బటన్లు వాటంతటవే నొక్కుకుంటున్నా, లోపల చిటచిటలు వినిపించినా వాడకం ఆపి మెకానిక్‌కు ఇవ్వండి. రెట్టలు బోర్డు మీద షార్ట్ చేస్తాయి.

ఫ్రిజ్ వెనక కాఫీ పొడి చల్లినట్టు నల్లటి చుక్కలు

అది రెట్ట. కంప్రెసర్ వేడి, కింద ట్రేలో నీళ్లు, అటు ఎవరూ చూడరు. ఇంకేం కావాలి? ప్లగ్ పీకి ఫ్రిజ్ ముందుకు లాగండి. మాస్కు పెట్టుకుని వాక్యూమ్‌తో లాగేయండి, ఈ దుమ్ము ఆస్తమాను రేపుతుంది. సంచి వెంటనే కట్టి బయట పడేయండి. ట్రే కడిగి, తలుపు రబ్బరు మడతలు పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి.

మిక్సీ, టోస్టర్ లాంటి చిన్నవి

గట్టి ప్లాస్టిక్ కవర్లో గాలి పోకుండా కట్టి డీప్ ఫ్రీజర్‌లో మూడు రోజులు ఉంచండి. తీశాక ఒక రోజంతా ఆరనివ్వండి, లోపల చెమ్మ ఉండగా ప్లగ్ పెట్టొద్దు. చచ్చినవాటిని దులిపాకే వాడండి. ఫ్రీజర్‌లో పట్టకపోతే అదే కవర్లో ఒక అట్టముక్క మీద జెల్ పెట్టి నెల రోజులు కట్టేసి పక్కన పెట్టండి.

తగ్గాయనుకున్నాక నెలకు మళ్లీ పిల్లలు

మందు విఫలమైందని టెన్షన్ పడొద్దు. తల్లి తన గుడ్ల తిత్తిని పిల్లలు బయటికొచ్చే ముందు దాకా ఒంటికే అంటించుకుని తిరుగుతుంది. అందులో 30 నుంచి 40 గుడ్లు. తిత్తిలోకి మందు ఎక్కదు. కాబట్టి మూడు, నాలుగు వారాలకు ఎండిన జెల్ గీకి కొత్తది పెట్టండి. యంత్రం వెనక జిగురు అట్ట ఒకటి ఉంచి వారానికోసారి లెక్కపెట్టండి. మా ఇంట్లో మొదటి వారం 23 పడ్డాయి, ఏడో వారం ఒక్కటి. అట్ట ఇప్పటికీ అక్కడే ఉంది.